మీరేమి పని చేయుదురు?

ఒక చిన్న ప్రశ్నకు బదులు చెప్పలేక మేము సిగ్గుపడిన సంగతియు, ఆ సిగ్గు తీరిన విధమును మీతో చెప్పుకొనవలెనని కొంతకాలముగా అనుకొనుచున్నాము. తీరిక చిక్కినది కాదు. నేడు అత్తగారు కొంచెము కన్ను మూసినందున కలము పట్టితిమి.

మా యింటికి తూర్పుగోడ యొక్కటియే అడ్డుగా ఒక సిక్కు కుటుంబమువారు నివసించుచున్నారు. ఆ యింటి యజమానురాలు ముప్పదియేండ్లు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విశ్రాంతి గైకొనినవారు. మేము ఆమెను పిన్నిగారని పిలుతుము. కన్నులు మూసికొని ఆమె తెలుగు వినువారు ఆ తలమీది ఓణీని గాని, చేతి యినుప కడియమును గాని ఊహింపజాలరు. మా వారికి ఈ భాగ్యనగరమునకు బదిలీ యైన క్రొత్తలో, వారు పంజాబునుండి నిన్న మొన్న వచ్చియుందురని తలచి, ఈ యూరు అలవాటయినదా యని అడిగితిమి. ఆమె నవ్వి, “మీరు వచ్చి నెలయైనది కదమ్మా, మేము వచ్చి రెండువందల యేండ్లు కావచ్చినది” అనిరి.

విచారింపగా అది నిజమే. నిజాముగారి కొలువులో రాజా చందూలాలు అధికారము నెరపుచుండిన 1832 ప్రాంతమున, లాహోరు మహారాజగు రంజిత్ సింగుగారితో కుదిరిన ఏర్పాటునుబట్టి ఇచటికి పంపబడిన సైనికులే వీరి పూర్వులు. ఆ పటాలమునకు లాహోరు ఫౌజు అని పేరు. శిస్తు వసూలునకును, ఖజానా కావలికిని వారిని వినియోగించిరి. అత్తాపురము చెంతనున్న సిక్కు ఛావనియు, బరంబాలా గురుద్వారమును వారి ఆనవాళ్లు. ఉత్తరాదివారు వీరిని దక్ఖనీ సిక్కులందురు. అంతకంటె ఎంతో ముందుగా, 1708లో, గురు గోవింద సింగుగారు గోదావరి యొడ్డున నాందేడులో తనువు చాలించిరి. ఆ నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. రాజమహేంద్రవరమున పుట్టి గోదావరి నీరు త్రాగి పెరిగిన మాకు, ఆ నీరు పైన వారి తీర్థమును తాకి వచ్చినదని తోచకపోవుట మా తాతగారు చెప్పిన చదువులోని లోపమే. ఆయన మాకు భారతమును, మేఘసందేశమును చెప్పిరి గాని ఇరుగుపొరుగు సంగతులు చెప్పలేదు.

గడచిన కార్తిక పూర్ణిమనాడు పిన్నిగారు మమ్ము గురుద్వారమునకు పిలిచిరి. మనకది దీపములనాడు; వారికి గురు నానకుగారి జన్మదినము. పోవలెనని యున్నది, కాని పోవుటెట్లు? మా అత్తగారికి పక్షవాతము వచ్చి ఆరేండ్లయినది. కుడిప్రక్క పూర్తిగ పడిపోయినది. మాట ముద్దగా వచ్చును. మాకు తప్ప పరులకు తెలియదు. ఆ ఆరేండ్లలో మేము ఒక పూటయైనను గడప దాటియుండిన జ్ఞాపకము లేదు. ఈ మాట మా వారి ముందు అనినంతనే, “నేనుందును, నీవు పొమ్ము. మా యమ్మయే కదా” అనిరి. ఆ చివరిమాట ఆయనకంటె ముందు ఎవరైనను అనియుండిన బాగుండెడిదని మనసున అనుకొని, జావ కాచి, గిన్నె ఎచట నున్నదో, గుడ్డలు ఎచట నున్నవో మూడుమారులు చెప్పి బయలుదేరితిమి.

గురుద్వారములో మమ్ము ముందుగా ఆకర్షించినది వంటశాల. పెద్ద పెనముల చుట్టును ఆడువారును మగవారును కూర్చుండి పిండి ముద్దలు చేయుచు రొట్టెలు వత్తుచుండిరి. గంగాళములలో పప్పు ఉడుకుచున్నది. మాకును ఒక పీటయు కర్రయు ఇచ్చిరి. మేము పూరీలు వత్తు అలవాటున చిన్నచిన్నవి చేయగా, ప్రక్కన కూర్చున్న నెరసిన గడ్డపు పెద్దమనిషి యొకరు చూచి, “అమ్మా, ఇది నైవేద్యమా, భోజనమా?” అని అందరిని నవ్వించిరి. ఆయన నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరుగా నుండినవారని పిన్నిగారు పిమ్మట చెప్పిరి. ఈ అన్నసత్రమును లంగరు అందురు. రెండవ గురువగు అంగదుగారి భార్య మాతా ఖీవీ ఈ లంగరును నడిపినదనియు, ఆమె నేతితో కూడిన పాయసము వడ్డించిన సంగతి వారి పవిత్ర గ్రంథములోనే ఉన్నదనియు, గురుపత్నులలో అట్లు పేర్కొనబడినది ఆమె యొక్కతెయే యనియు వినినపుడు మాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. వంటచేసిన స్త్రీ పేరు వేదతుల్యమగు గ్రంథమున నిలుచుట మన పురాణములలో ఎన్నిచోట్ల చూచితిమి? మా చదువు మేరకు వెదకితిమి. వండిన భీమునకును నలునకును పేరున్నది.

భోజనములైన పిదప ప్రక్క గదిలో, వారి కులపెద్దలు కొందరు కూర్చుండి పిల్లలతో తమ తమ వృత్తులను గూర్చి ముచ్చటించిరి. ఏమి చదివిన ఏమగుదుమో పిల్లలకు తెలియుటకై ఏటేట ఇట్లు చేయుదురట. ఉపన్యాసములవలె కాక, ఇంటి అరుగుమీది మాటలవలెనే సాగినది.

ఇంజనీరుగారు తాము కట్టించిన కాలువలనుగూర్చి రెండు మాటలలో ముగించి, తమ తల్లినిగూర్చి చెప్పిరి. క్రొత్తగా ఉద్యోగమున చేరిన దినములలో ఆయన సాయంత్రము ఇంటికి రాగానే తల్లి, “ఈ రోజు ఎవరి అన్నము తింటివి?” అని అడిగెడిదట. గుత్తేదారు ఇంట తినలేదు గదా యని దాని భావము. వారి మతమున మూడు కట్టుబాట్లు కలవు: భగవన్నామమును జపించుట, కష్టపడి సంపాదించుట, పంచుకొని తినుట. రెండవదానిని ఆ తల్లి ఈ ప్రశ్నతో కాపాడినది.

లారీలు నడిపించు వ్యాపారి యొకరు తరువాత మాటలాడిరి. ఆయనది మొరటు గొంతు, మాటలు తక్కువ. 1984 నవంబరులో, ఇందిరాగాంధీగారి హత్యకు పిమ్మట, తలపాగా కనబడినచో చంపిన దినములలో ఆయన తండ్రి లారీతో ఉత్తరదేశపు బాటమీద నుండెను. ఢిల్లీ నగరములోనే, ప్రభుత్వపు లెక్కప్రకారమే, 2,733 మంది సిక్కులు హతులైరి. ఇంటికి ఏ కబురును లేదు. ఇరువది దినములు ప్రతిరాత్రియు తల్లి తండ్రిగారి కంచమును కడిగి, పీటవేసి, ముందు పెట్టి, తెల్లవారి తీసెడిదట. ఇరువదియొకటవ దినమున తండ్రి వచ్చెను. “మా నాయన ఎట్లు బ్రదికి వచ్చెనో అందరు అడుగుదురు. ఆ కంచమునుగూర్చి ఎవరును అడుగరు” అని ఆయన కూర్చుండిరి. పిల్లలు కొంతసేపు ఏమియు అడుగలేదు.

ఒక బాలుడు లేచి తాను మన్‌మోహన్ సింగుగారివలె కావలెననెను. నవ్వులతో గది మరల తేలికపడినది. ఇంజనీరుగారు ఆయన కథ చెప్పిరి: 1932లో ఇప్పటి పాకిస్తానులోని గాహ్ అను పల్లెలో పుట్టుట, పసితనమున తల్లి పోగా నాయనమ్మ పెంచుట, దేశవిభజనతో ఇల్లు విడుచుట, కేంబ్రిడ్జి ఆక్స్‌ఫర్డులలో చదువుట. 1991లో మన తెలుగువారగు పి.వి. నరసింహారావుగారు ప్రధానులై ఆర్థికశాఖను ఆయన చేత పెట్టిరి. 2004 మొదలు 2014 వరకు తామే ప్రధానులుగా నుండి, 2024 డిసెంబరులో స్వర్గస్థులైరి. అంతయు బాగుగనే చెప్పిరి గాని, ఆ పెంచిన నాయనమ్మ పేరేమో చెప్పలేదు. మేము అడుగుదమనుకొని, పరాయి చోట ఏల యని యూరకుంటిమి.

ఇక డాక్టరుగారి వంతు. నలుబదియైదేండ్ల స్త్రీ. నరముల జబ్బులకు వైద్యము చేయుదురు. తాము చదువుకొను దినములలో అమృతసరమున పింగళ్‌వాడాలో ఒక నెల పనిచేసిన సంగతి చెప్పిరి. అది దిక్కులేని రోగులకును, అంగవైకల్యము గలవారికిని ఆశ్రయము. దానిని నెలకొల్పినవారు భగత్ పూరణ్ సింగుగారు. 1904లో లూధియానా జిల్లాలోని రాజేవాల్ గ్రామమున హిందూ కుటుంబమున పుట్టిరి. రామ్‌జీ దాసు అని పేరు పెట్టిరి. తల్లి మెహతాబ్ కౌరు. కలిమి పోయిన పిమ్మట ఆమె ఇతరుల ఇండ్లలో పనిచేసి కుమారుని చదివింప ప్రయత్నించెను. కుమారుడు పదవ తరగతి తప్పెను. అయినను ఆ తల్లి ఇంకొక చదువు చెప్పియుండెను: త్రోవలో రాళ్లు, మేకులు కనబడినచో తీసి అవతల పెట్టుము, పశువులకు నీరు పెట్టుము, చెట్టు నాటుము అని.

1934లో లాహోరులోని డేరా సాహెబు గురుద్వారము వాకిట ఎవరో నాలుగేండ్ల బాలుని వదలిపోయిరి. వాడు నడువలేడు, మాటలాడలేడు. అచట సేవ చేయుచుండిన పూరణ్ సింగుగారు వానికి ప్యారా సింగు అని పేరుపెట్టి వీపున ఎత్తుకొనిరి. పదునాలుగేండ్లు ఎత్తుకొనియే తిరిగిరి. 1947లో దేశము రెండైనపుడు ఆ బాలుని వీపున పెట్టుకొనియే అమృతసరము చేరి, ఖాల్సా కళాశాలలోని శరణార్థుల శిబిరమున దిక్కులేని రోగుల మలమూత్రములు ఎత్తిరి. ఆ పనియే పెరిగి పింగళ్‌వాడా ఆయెను; 1957లో అది సంస్థగా నమోదు చేయబడినది. చెట్లు నరకుటవలని కీడునుగూర్చి, నేల కోసుకొనిపోవుటనుగూర్చి ఆయన చిన్నపుస్తకములు అచ్చువేసి పంచెడివారు. 1979లో పద్మశ్రీ యిచ్చిరి; 1984లో స్వర్ణమందిరముపై సైన్యము నడచినపుడు దానిని తిప్పి పంపిరి. 1992లో దేహము చాలించిరి. ఆయన తరువాత ఆ సంస్థను నడుపుటకు పూనినవారు ఇందర్‌జిత్ కౌరుగారను వైద్యురాలు.

మాకు శ్రవణకుమారుడు తలపునకు వచ్చెను. వాల్మీకములో ఆ మునిబాలునకు పేరును లేదు, కావడియు లేదు. నీటికై వచ్చి బాణమునకు గురియైనాడు, అంతే. ఆ కావడిని అతని భుజమున ఎత్తినవారు తరువాతి జనులు. మోయువానిని చూడవలెనను కోరిక జనులకు అంత గాఢమైనది కాబోలు. కాని మోయించుకొనువాని బరువు, దినదినమునకు పెరుగు బాలుని బరువు, ఎట్టిదో మా నడుమునకు తెలియును.

అంతలో బ్యాంకు పరీక్షకు చదువుచున్న పిల్ల యొకతె, ఇంటిపనియు వెలుపలి పనియు రెండును ఎట్లు జరుగునని డాక్టరుగారిని అడిగినది. ఆమె దాచక, “నా యిద్దరు బిడ్డలను మా అత్తగారు పెంచిరి. ఈ మాట చెప్పకుండ నేను నా వృత్తినిగూర్చి చెప్పినచో అది సగము అబద్ధము” అనిరి. పిన్నిగారు అందుకొని, ఫిరోజ్‌పురములో 1892లో భర్తయగు భాయీ తఖ్త్ సింగుగారితో కూడి బాలికలకు బడి పెట్టిన బీబీ హరనామ్ కౌరుగారి పేరెత్తిరి. ఆడపిల్లలు ఇల్లువిడిచి వచ్చి వసతిలో నుండి చదువుట కనివిని ఎరుగని కాలమది. ఆమె 1906లోనే పోయిరి. ఆ బడినుండియే కొలదికాలములో ‘పంజాబీ భైణ్’ అను స్త్రీల మాసపత్రిక వెలువడినది. భైణ్ అనగా సోదరి. మన తెలుగున ‘హిందూ సుందరి’ 1902లో పుట్టినది గదా, అదియు ఇదియు ఒక యీడువే.

అప్పుడు డాక్టరుగారు మావైపు తిరిగి, మర్యాదగా, “మీరేమి పని చేయుదురు?” అని అడిగిరి.

“ఏమియు లేదండి. ఇంటిలోనే యుందును” అంటిమి. ఆ మాట మా నోటివెంట ఎన్ని వందల మారులు వచ్చియుండునో! కాని ఆ పూట, అందరి పనులును వినిన వెంటనే అనుటచేత, చెంపలు వేడెక్కినవి.

పిన్నిగారు, “ఆరేండ్లుగా పడకనున్న అత్తగారిని చూచుకొనుచున్నది” అనిరి. గదిలోనివారు అయ్యో పాపమని నాలుక చప్పరించిరి. డాక్టరుగారు చప్పరింపలేదు. “పడకపుండ్లు ఎన్ని వచ్చినవి?” అని అడిగిరి.

“రాలేదు.”

“ఆరేండ్లలో?”

“మొదటి మాసమున తుంటియొద్ద ఒకచోట ఎఱ్ఱబడినది. మరల లేదు.”

ఆమె కుర్చీని ముందునకు లాగికొని, “ఏమి చేయుదురో ఈ పిల్లలకు చెప్పుడు” అనిరి. మేము నలుగురిలో నోరు విప్పి ఎరుగము. మొదట గొంతు రాలేదు. పిదప మాకు తెలిసినది తెలిసినట్లే చెప్పితిమి: పగలు రాత్రి యనక రెండు గంటల కొకసారి ప్రక్క మార్చవలెను, ఈడ్వరాదు, ఎత్తి మార్చవలెను, ఈడ్చినచో చర్మము చిట్లును. మడమలు పరుపును తాకకుండ పిక్కలక్రింద దిండు పెట్టవలెను. దుప్పటిలో ముడుత ఉండరాదు, తడి అసలే ఉండరాదు. వీపు, తుంటి, మడమ, మోచేయి, చెవి వెనుక దినమునకు రెండుమారులు వెలుతురులో చూడవలెను. ఎఱ్ఱబడినచోట నూనెపెట్టి రుద్దరాదు. ఆ చోట బరువు పడకుండ చేయవలెను. అన్నము పడుకొనబెట్టి తినిపింపరాదు. కూర్చుండబెట్టి, గడ్డము కొంచెము దించి, బాగున్న ప్రక్కనుండి చిన్న చెంచాతో పెట్టవలెను. మ్రింగిన పిదప అరగంట పడుకొనబెట్టరాదు. పలుచని నీటికంటె చిక్కని జావ సులభముగా దిగును.

డాక్టరుగారు మధ్యమధ్య ఇది ఏలయని అడుగుచు, మాకు తెలియని కారణము తాము చెప్పుచుండిరి. చర్మమునకు రక్తము అందకపోవుటచేత పుండు పుట్టునని అపుడే వింటిమి. నర్సు చదువు చదువుచున్న ఇద్దరు పిల్లలు కాగితముమీద వ్రాసికొనిరి. మేము చెప్పినది వ్రాసికొనుట! మా నాలుగవ తరగతి బిడ్డ తప్ప మా మాటను ఎవరు వ్రాసికొనిరి?

ఇంటికి వచ్చుచు త్రోవలో సంతోషముతోనే యుంటిమి. రాత్రి నిదురపట్టక ఆలోచింపగా వేరొకటి తోచినది. పూరణ్ సింగుగారు ఆ బాలుని తామే కోరి ఎత్తుకొనిరి. వారికి భార్యాబిడ్డలు లేరు. మమ్ము ఎవరును అడుగలేదు. ఇంటి కోడలు గనుక ధర్మమనిరి. ధర్మమనినపిదప ఇక కూలిలేదు, సెలవులేదు, మాటయు లేదు. ఇచట మేము కప్పిపుచ్చక ఒకటి చెప్పవలెను. రెండేండ్ల క్రిందట ఒక వానరాత్రి అత్తగారు పిలిచిరి. మేము వింటిమి. విని, నిదురపోవుచున్నట్లు కదలక పడియుంటిమి. ఆమె మరల పిలువలేదు. తెల్లవారి చూడగా పడకయంతయు తడిసి, చలికి వణకుచుండిరి. మమ్ము ఒక్కమాట అనలేదు. ఆ ఉదయమును ఆ గదిలో ఆ పిల్లల ముందు మేము చెప్పలేదు, డాక్టరుగారు అడుగలేదు.

సిక్కుల ఆడువారికిని అన్నియు సరిపోయినవని మేము అనుకొనుట లేదు. గురుద్వారముల ఎన్నికలలో 1925నాటి చట్టమే వారికి ఓటు నిచ్చినది. 1999లో ఆ ప్రబంధక సంఘమునకు ఒక స్త్రీ, బీబీ జాగీర్ కౌరుగారు, మొదటిమారు అధ్యక్షురాలైరి. అయినను స్వర్ణమందిరపు గర్భగృహమున స్త్రీలచే కీర్తన పాడనిండని కోరుచు 2019లో పంజాబు శాసనసభ తీర్మానము చేయవలసివచ్చినది. వంటశాలలో ఇచ్చిన పీట గర్భగుడిలో ఇచ్చుటకు అచటను తడవాడిరి. ఇది పిన్నిగారితో అంటిమి. ఆమె, “నిజమే. నేను నలుబదియేండ్లనుండి అనుచున్నాను” అనిరి.

ఆనాడు మేము ఇల్లు చేరువరకు మూడుగంటలైనది. మా వారు తల్లికి జావ పోసిరి. కొంత దిండుమీదను పోసిరి. ప్రక్క మార్చుట తెలియక రెండుమారులు ప్రయత్నించి, నడుము పట్టి, కుర్చీలో కూలబడియుండిరి. మమ్ము చూచి, “ఇది దినమునకు ఎన్నిమారులు?” అని అడిగిరి. పండ్రెండనగా మాటలాడలేదు. ఆ రాత్రియే మోకాలు మంచమున కానించి ఎత్తు విధము నేర్పితిమి. ఇప్పుడు రాత్రి రెండుగంటల వంతు ఆయనది. మొదటి వారమున రెండుమారులు మరచిరి. ఇప్పుడు మరచుట లేదు. తరగతిలో ఆవులింతలు వచ్చుచున్నవట. రానిండు.

తెచ్చిన కడా ప్రసాదమును వ్రేలితో కొంచెము మెదిపి అత్తగారి నాలుకమీద ఉంచితిమి. గోధుమపిండి, నేయి, చక్కెర సమభాగములుగ చేయుదురు. ఆమె చాలసేపు చప్పరించి, “మన హల్వాకంటె నేయి ఎక్కువ” అనిరి.

మొన్న పిన్నిగారు గోడమీదుగా పిలిచి కబురు చెప్పిరి. ఆ నర్సు పిల్లలిద్దరును, వారి తోడివారు నలుగురును వచ్చు ఆదివారము వచ్చి ప్రక్క మార్చుట కన్నులార చూతురట, డాక్టరుగారు పంపుచున్నారట. పరాయి పిల్లల ముందు ఆమె దేహమును చూపుట మా యిష్టము కాదు, ఆమె యిష్టమని, మంచము ప్రక్కన కూర్చుండి అత్తగారిని అడిగితిమి. ఆమె ఎడమచేతితో మా ముంజేయి పట్టుకొని కొంతసేపు ఆలోచించిరి.

“రానీ అమ్మాయీ. నా మీదనే నేర్పు” అనిరి. పిదప, మేము లేవబోవగా, ఆ చేతితోనే లాగి, “ఆదివారము నాకు ముందుగా తల దువ్వు. ఆ ఆకుపచ్చ అంచు చీర కట్టు” అనిరి.